పానా పట్టే ముందు బరువు సంగతి: ఔట్‌బోర్డ్ మోటార్ టిల్ట్-ట్రిమ్ యూనిట్ విప్పడం

పడవ వెనక బిగించే ఇంజన్‌ని, అంటే ఔట్‌బోర్డ్ మోటార్‌ని, పైకెత్తి, కిందికి దించే టిల్ట్-ట్రిమ్ యూనిట్ పనిచేయడం మానేస్తే ఎవరైనా ముందు అడిగేది అది ఎన్ని బోల్టుల మీద ఉంది, ఏ సైజు పానా పడుతుంది, విప్పితే ఎంత ఆయిల్ కారుతుంది అనే. వీటికి జవాబులు సులువే. హైడ్రాలిక్స్ అనగానే పుట్టే భయం కూడా అంత అవసరం లేదు, ఎందుకంటే విప్పే పనిలో హైడ్రాలిక్స్ జోలికి పోయేది చాలా తక్కువ, చాలా మోడళ్లలో యూనిట్ మొత్తం ఒకే ముద్దగా బయటికి వస్తుంది. అసలు తిప్పలు రెండు. ఇన్నాళ్లూ ఇంజన్ బరువు మోసింది ఆ యూనిట్టే కాబట్టి దాన్ని తీసేశాక ఆ బరువు దేని మీద ఉంటుంది అన్నది ఒకటి. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన పిన్నులు బ్రాకెట్ రంధ్రాల్లో ఎంతగా బిగుసుకుపోయాయి అన్నది రెండోది. మొదటిదాన్ని పట్టించుకోకపోతే చెయ్యి నలుగుతుంది. రెండోదాన్ని సుత్తితో తేల్చేద్దాం అనుకుంటే బ్రాకెట్ పగులుతుంది.

యూనిట్ ఎక్కడ, ఎలా కూర్చుని ఉంటుందో ముందు స్పష్టంగా తెలియాలి. పడవ వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. దానికి రెండు క్లాంప్ బ్రాకెట్లు బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ రెండింటినీ పైభాగంలో కలుపుతూ అడ్డంగా పోయే లావు గొట్టం టిల్ట్ ట్యూబ్. ఇంజన్‌ని పట్టుకుని ఉన్న స్వివెల్ బ్రాకెట్ ఈ ట్యూబ్ మీద, తలుపు మడతబందు మీద తిరిగినట్టు, పైకీ కిందికీ తిరుగుతుంది. రెండు క్లాంప్ బ్రాకెట్ల మధ్య ఇరుకు సందులో మన యూనిట్ ఉంటుంది: ఒక చిన్న 12 వోల్టుల మోటారు, అది తిప్పే గేరు పంపు, ఆయిల్ ట్యాంకు, వాల్వులున్న దిమ్మ, సిలిండర్. సిలిండర్ అడుగు భాగాన్ని కింది పిన్ను క్లాంప్ బ్రాకెట్లకి కలుపుతుంది, రాడ్ పై కొసని పై పిన్ను స్వివెల్ బ్రాకెట్‌కి కలుపుతుంది. అంటే ఇంత గందరగోళంగా కనిపించే వస్తువుని పడవకి కట్టి ఉంచేవి చాలా మోడళ్లలో రెండు పిన్నులు, కొన్ని వైర్లు మాత్రమే.

ట్రిమ్, టిల్ట్ రెండూ ఒకే కదలికలోని రెండు భాగాలు. ఇంజన్ కింద ఉన్నప్పటి నుంచి మొదటి 20 డిగ్రీలు, అటూ ఇటుగా, ట్రిమ్ కిందికి వస్తాయి. పడవ పరుగెడుతుండగా ముక్కు పైకి లేవాలా కిందికి వంగాలా అన్నది ఈ పరిధిలోనే సర్దుకుంటారు, కాబట్టి ప్రొపెల్లర్ తోసే బలమంతా ఇక్కడ యూనిట్ మీద పడుతుంది. ఆపైన ఉన్నదంతా టిల్ట్. లోతు తక్కువ నీళ్లలో మెల్లగా పోవడానికి, పడవ కట్టేశాక ఇంజన్‌ని నీళ్లలోంచి పైకి తీయడానికి, ట్రైలర్ మీద తీసుకెళ్లడానికి. కొన్ని యూనిట్లలో మధ్యలో ఒక పొడవాటి టిల్ట్ రాడ్, రెండు పక్కలా రెండు పొట్టి ట్రిమ్ రాడ్లు ఉంటాయి. పొట్టివి స్వివెల్ బ్రాకెట్‌ని కింద నుంచి తోస్తాయి తప్ప దానికి కట్టి ఉండవు, కనుక విప్పేటప్పుడు వాటితో పని లేదు. మిగతా వాటిలో అన్ని పనులూ ఒకే రాడ్ చేస్తుంది.

టిల్ట్ సిలిండర్ లోపల ఇంకొక మంచి ఏర్పాటు ఉంది, దాని గురించి తెలిస్తే పిన్నుల మీద ఎందుకంత గౌరవం ఉండాలో అర్థమవుతుంది. పడవ వేగంగా పోతుంటే నీటిలో మునిగిన దుంగకి ఇంజన్ కాలు తగిలిందనుకోండి. రాడ్ కదలకుండా బిగుసుకుని ఉంటే ట్రాన్సమే ఊడొస్తుంది. అలా కాకుండా పిస్టన్‌లో స్ప్రింగుతో నొక్కి పెట్టిన చిన్న బాల్ వాల్వులు ఉంటాయి. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే అవి తెరుచుకుని ఆయిల్‌ని పిస్టన్ గుండా వదులుతాయి, రాడ్ పైకి సాగి ఇంజన్ ఎగిరి దెబ్బ తప్పించుకుంటుంది. కింద మెమరీ పిస్టన్ అని మరో విడి పిస్టన్ ఉంటుంది, అది ఉన్నచోటే ఉండిపోయి, ఇంజన్ తిరిగి దిగినప్పుడు ముందున్న కోణంలోనే ఆగేలా చూస్తుంది. ఆ దెబ్బలో అంత బలాన్నీ మోసేది రెండు పిన్నులు, వాటి చుట్టూ ఉన్న అల్యూమినియం చెవులు. అందుకే ఆ చెవుల్లో ఒకటి వెంట్రుకంత పగిలినా అది చిన్న విషయం కాదు.

ఇక విప్పాలా వద్దా అన్న మాట. టిల్ట్ పనిచేయలేదని యూనిట్ మొత్తం బయటికి లాగి, తీరా చూస్తే మీట నొక్కినప్పుడు మోటారుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు, అంటే ఒక రిలే, పోయిందని తేలడం చాలా మామూలుగా జరిగేదే. ఈ పనికి ఒక పూట నుంచి రెండు మూడు రోజుల దాకా పట్టొచ్చు, పిన్నుల మొండితనాన్ని బట్టి. కాబట్టి ముందు పది నిమిషాలు మల్టీమీటర్‌తో గడపడం ఎంతో మేలు.

మీట నొక్కితే ఏ శబ్దమూ లేదంటే బ్యాటరీ, ఫ్యూజు, మీట, వైరు కనెక్షన్లు చూడాలి. టిక్ టిక్ మంటుంది గానీ మోటారు తిరగట్లేదంటే రిలేల దాకా కరెంటు వస్తోంది, అక్కడి నుంచి ముందుకు పోవట్లేదు. సాధారణంగా పైకి ఒకటి, కిందికి ఒకటి రెండు రిలేలు ఉంటాయి. అవి ఒకేలాంటివి అయితే ఒకదాని చోట ఇంకోటి మార్చి పెట్టి చూడండి: పైకి పోనిది ఇప్పుడు పైకి పోతూ కిందికి రావడం మానేస్తే దొంగ దొరికినట్టే. ఇంకా అనుమానం ఉంటే రెండు వైర్ల మోటారుకి నేరుగా బ్యాటరీ నుంచి, మధ్యలో తగిన ఫ్యూజు పెట్టి, కరెంటు ఇవ్వొచ్చు. మెర్క్యురీ, యమహా ఇంజన్లలో నీలం రంగు వైరు పైకి, ఆకుపచ్చ వైరు కిందికి. యమహాలో అవి లేత నీలం, లేత ఆకుపచ్చగా ఉంటాయి. నీలానికి ప్లస్, ఆకుపచ్చకి మైనస్ ఇస్తే పైకి లేవాలి, తిప్పి ఇస్తే దిగాలి. పాత ఇంజన్లలో మూడు వైర్ల మోటార్లు ఉన్నాయి, వాటికి ఈ లెక్క వర్తించదు, నల్ల వైరు ఎర్త్‌గా ఉండి మిగతా రెంటిలో ఒక్కోదానికి ప్లస్ ఇవ్వాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు బ్రాకెట్ల మధ్య ఎవరి చెయ్యీ ఉండకూడదు.

కరెంటు ఇచ్చినా కదలని మోటారుని పక్కన మెల్లగా తడితే ఒక్కోసారి తిరుగుతుంది. అలా తిరిగిందంటే బ్రష్షులు అరిగాయని అర్థం. గట్టిగా మాత్రం కొట్టకూడదు, లోపల అయస్కాంతాలు జిగురుతో అతికించి ఉంటాయి, ఊడిపోతే ఆ మోటారు ఇక పనికిరాదు. మోటారు చక్కగా తిరుగుతూ ఇంజన్ మాత్రం లేవకపోతే ముందు ఆయిల్ మట్టం, ఆ తర్వాత మాన్యువల్ వాల్వు. ఎవరో ఎప్పుడో చేత్తో ఇంజన్ ఎత్తడానికి ఆ వాల్వు వదులు చేసి మళ్లీ బిగించడం మరిచిపోయి ఉంటారు. ఇంజన్ లేస్తుంది గానీ గంటల్లో తనంతట తనే దిగిపోతోందంటే లోపల ఎక్కడో ఆయిల్ తప్పించుకుంటోంది, అప్పుడు కూడా మొదటి అనుమానం మాన్యువల్ వాల్వుకి ఉండే రబ్బరు సీళ్ల (O-రింగుల) మీదే. అవి చవక, యూనిట్ విప్పకుండానే మార్చొచ్చు, ఇంజన్‌కి గట్టి ఊతం పెట్టి ఉంటే చాలు.

అసలు కాలిపోయింది మోటారొక్కటే అయితే, చాలా మోడళ్లలో యూనిట్‌ని ఉన్నచోటే ఉంచి బోల్టులు తీసి మోటారుని పైకి లాగేయొచ్చు. కొన్నిటిలో బ్రాకెట్ అడ్డొస్తుంది. మీ మోడల్ ఏదన్నది సర్వీస్ మాన్యువల్ చూస్తే తెలుస్తుంది, ఆ మాన్యువల్ లేకుండా ఈ పనికి దిగొద్దు. యూనిట్ నిజంగా బయటికి రావాల్సిన సందర్భాలు కొన్నే: ఆయిల్ పాలలా తెల్లబడి లోపలికి నీళ్లు పోయినట్టు తేలడం, రాడ్ మీద గుంటలు పడి సీల్ మార్చినా కారడం, పంపు అరిగిపోవడం, మోటారు ఉక్కు తొడుగు తుప్పు పట్టి చిల్లు పడటం, పిన్ను చుట్టూ ఉండే తొడుగులు, అంటే బుష్షులు, అరిగి ఇంజన్ గడగడా ఊగడం.

చిన్న ఇంజన్లలో ఒక తేడా ఉంది. కొన్నిటికి కరెంటు యూనిట్ బదులు గ్యాస్ సిలిండర్ ఉంటుంది, మనం చేత్తో ఎత్తుతుంటే అది సాయపడుతుంది. అందులో ఎక్కువ ఒత్తిడితో గ్యాస్ నింపి ఉంటుంది. దాన్ని పిన్నులు తీసి మార్చొచ్చు గానీ విప్పకూడదు, వేడి చేయకూడదు, చిల్లు పొడవకూడదు.

సరే, విప్పాలనే తేలింది. ముందు బరువు.

90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ సుమారు 160 కిలోలు ఉంటుంది, 150 హార్స్‌పవర్‌ది 200 కిలోలు దాటుతుంది. పిన్నులు అందాలంటే ఇంజన్ పూర్తిగా పైకి లేచి ఉండాలి, అంటే ఈ బరువంతా గాలిలో, ట్రాన్సమ్‌కి బయట, కిందికి పడిపోవాలని చూస్తూ ఉంటుంది. పై పిన్ను లాగిన క్షణంలో దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఇంజన్‌ని పైన నిలబెట్టే టిల్ట్ సపోర్ట్ లివర్ ప్రతి ఇంజన్‌కీ ఉంటుంది కదా అని కొందరు ధైర్యం చేస్తారు. ఆ లివర్ పడవ కట్టేసి ఉన్నప్పుడు ఇంజన్ జారిపోకుండా పెట్టింది. యూనిట్ లేకుండా, పైన మనిషి సుత్తితో కొడుతుండగా, ఆ అదురుకి అది జారితే అడ్డుకునేది ఇంకేదీ లేదు. అది వేయండి, కానీ లెక్కలోకి తీసుకోవద్దు.

లెక్కలోకి తీసుకోవాల్సినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు. పైన గట్టి దూలమో, పని చేసుకునే క్రేనో ఉంటే దాని నుంచి చైన్ పుల్లీ వేలాడదీసి, వెడల్పాటి బెల్టుని ఇంజన్ కాలు చుట్టూ వేసి బిగించడం ఒకటి. నేల మీద నుంచి గట్టి దుంగ ఒకటి, కింద కదలకుండా పలక వేసి, గేరుకేసు (ప్రొపెల్లర్ ఉండే అడుగు భాగం) కింద ఊతంగా నిలపడం రెండోది. దుంగకీ గేరుకేసుకీ మధ్య రబ్బరు ముక్క పెడితే జారదు, పెయింటూ పోదు. బెల్టుని ప్రొపెల్లర్ రెక్కల మీదుగా వేయొద్దు, ప్రొపెల్లర్ తిరిగితే బెల్టు వదులైపోతుంది. అసలు ప్రొపెల్లర్‌ని ముందే తీసేస్తే ఇంకా మంచిది. పడవ ట్రైలర్ మీద ఉంటే చక్రాలకి అడ్డు పెట్టాలి, ట్రైలర్ ముందూ వెనకా లేవకుండా స్టాండ్లు పెట్టాలి, ఎందుకంటే పుల్లీ బిగించేకొద్దీ బరువు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారుతూ ఉంటుంది. నీళ్లలో ఉన్న పడవ మీద ఈ పని చేయకూడదు, ఊగే పడవకి ఊగని ఊతం పెట్టడం కుదరదు.

ఊతాలు పెట్టాక చేయాల్సింది బరువుని యూనిట్ నుంచి వాటి మీదకి మార్చడం. ఇక్కడే మాన్యువల్ వాల్వు పనికొస్తుంది. క్లాంప్ బ్రాకెట్ పక్కన ఒక రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెడితే అందుతుంది, గడియారం ముల్లుకి ఎదురు దిశలో మెల్లగా తిప్పాలి. మోడల్‌ని బట్టి మూడు నాలుగు చుట్లు, లేదా ఆగేదాకా. పూర్తిగా బయటికి తీయడానికి ప్రయత్నించొద్దు. తిప్పుతుంటే ఇంజన్ అర అంగుళమో అంగుళమో కిందికి దిగి ఊతం మీద కూర్చోవాలి. అలా కూర్చున్నాక సిలిండర్‌లో ఒత్తిడి పోయినట్టు. పంపు చచ్చిపోయి ఇంజన్ కిందే ఉండిపోయి ఉంటే కూడా ఇదే వాల్వు తెరిచి, పుల్లీతో మెల్లగా పైకి లాగాలి. మనుషులు చేతులతో ఎత్తడం చిన్న ఇంజన్లకే.

ఇది చేసేలోపే బ్యాటరీ మైనస్ వైరు తీసేసి ఉండాలి. చాలా ఇంజన్లలో మూత మీద ఉన్న టిల్ట్ మీట తాళం తిప్పకపోయినా పనిచేస్తుంది, అది నేరుగా బ్యాటరీతో కలిసి ఉంటుంది. తాళం చెవి జేబులో ఉంది కదా అనుకుని బ్రాకెట్ల మధ్య చెయ్యి పెట్టిన మనిషికి, ఇంజన్ మూత తీస్తూ మోచేయి ఆ మీటకి తగిలించిన ఇంకో మనిషికి, ఈ విషయం తెలిసి ఉండాలి.

వైర్లు చిన్న పనే కానీ విసిగిస్తుంది. యూనిట్ నుంచి బయల్దేరిన వైర్లు బ్రాకెట్‌లోని రంధ్రం గుండా పోయి ఇంజన్ మూత కింద రిలేల దగ్గర తేలతాయి. కనెక్టర్ లావుగా ఉండి చాలాసార్లు ఆ రంధ్రంలో పట్టదు, అప్పుడు కోసేయకుండా ప్లగ్గు లోంచి పిన్నులని ఒక్కొక్కటిగా వెనక్కి తీయాలి. తీసే ముందు ఫోటో తీసుకోండి. వైరు కొసకి ఒక సన్నటి గట్టి తాడు కట్టి కింది నుంచి లాగితే, వైరు బయటికి వచ్చేసరికి తాడు ఆ దారిలోనే మిగులుతుంది, కొత్త యూనిట్ పెట్టినప్పుడు అదే తాడుతో పైకి లాక్కోవచ్చు. ఇంజన్ కోణం చూపే ట్రిమ్ గేజికి పోయే సెన్సార్ వైరు వేరేగా ఉంటుంది, అది సాధారణంగా యూనిట్‌కి కాకుండా బ్రాకెట్ పక్కన ఉంటుంది, దాన్ని తెంపకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు పిన్నులు. వాటిని పట్టి ఉంచేది మోడల్‌ని బట్టి సర్‌క్లిప్పో (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), అడ్డంగా దిగ్గొట్టిన రోల్ పిన్నో (చుట్టిన ఉక్కు రేకు పిన్ను), చివరన బోల్టో. ఏది ఉందో చూడకుండా కొట్టడం మొదలుపెడితే అడ్డపిన్ను వంగి రంధ్రంలోనే ఇరుక్కుంటుంది, ఆ తర్వాత పని మూడింతలు అవుతుంది. రోల్ పిన్నుకి సరిపోయే సైజు పంచ్ వాడాలి, సన్నటి మేకు కాదు.

అన్నీ తీశాక పిన్ను చేత్తో లాగితే వచ్చేస్తే ఆ ఇంజన్‌ని ఎవరో బాగా చూసుకున్నారన్నమాట. ఉప్పునీటిలో తిరిగిన ఇంజన్లలో అలా జరగడం అరుదు. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలు, బ్రాకెట్ అల్యూమినియం. ఈ రెండు లోహాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీళ్లలో ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరుగుతూ పోతుంది, కరిగింది తెల్లటి పొడిగా మారి, పాత లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పిన్ను చుట్టూ గట్టిపడుతుంది. మామూలు ఇనుప తుప్పులా కాదు, సిమెంటులా పట్టేస్తుంది. మధ్యలో ఉండే ప్లాస్టిక్ బుష్షులు రెండు లోహాలనీ విడదీయడానికే పెట్టారు, కానీ అవి అరిగిపోయినా, గ్రీజు పెట్టకపోయినా ఈ కథ మొదలవుతుంది.

ముందు పరీక్ష: పిన్ను తిరుగుతుందా? గ్రిప్ రెంచ్‌తో పట్టి ఒక చుట్టులో పావు వంతైనా కదిపి చూడండి. తిరిగినా బయటికి రాకపోతే అది తుప్పు కాదు, బరువు ఇంకా పిన్ను మీదే ఉంది. పుల్లీని ఒక్కో లంకె పైకీ కిందికీ సర్దుతూ మళ్లీ మళ్లీ తిప్పుతుంటే ఒక చోట అది ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ స్థానం దొరికేదాకా సుత్తి ముట్టుకోకూడదు. ఎంతోమంది తుప్పు అనుకుని గంటలు గంటలు కొట్టేది నిజానికి ఇంజన్ బరువుతో నలిగి ఉన్న పిన్నునే.

అసలు తిరగనే తిరగకపోతే తుప్పే. తుప్పు వదిలించే ఆయిల్‌ని రెండు వైపులా పోసి రాత్రంతా వదిలేయండి, మళ్లీ పోసి మళ్లీ వదిలేయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, బాగానే పనిచేస్తుంది, కానీ అసిటోన్ నిప్పంటుకునేది కాబట్టి ఆ తడి ఆరకుండా వేడి చేసే పని పెట్టుకోకూడదు. వేడి మంచి ఆయుధమే. ఒకే వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఒక్కో డిగ్రీకి మీటరులో 23 మైక్రాన్ల చొప్పున, స్టెయిన్‌లెస్ 17 దగ్గర. అందుకే వేడి బ్రాకెట్ చెవికి తగలాలి, పిన్నుకి కాదు. హీట్ గన్ వాడితే నిదానంగా అయినా పని అవుతుంది. మంట పెట్టే టార్చ్ వాడాలంటే పెట్రోలు గొట్టాలు, ట్యాంకు, ఆయిల్ తడి అన్నీ దూరంగా ఉండాలి, అంత ఖాళీ ఆ ఇరుకులో దాదాపు ఉండదు. సిలిండర్‌ని మాత్రం ఏ పరిస్థితిలోనూ వేడి చేయొద్దు.

సుత్తి విషయంలో ఒక కచ్చితమైన అభిప్రాయం చెప్పాలి. దెబ్బ కంటే లాగుడు మేలు. పిన్ను మీద కొట్టిన ప్రతి దెబ్బా రెండు పనులు చేస్తుంది: పిన్ను కొసని పుట్టగొడుగులా వెడల్పు చేసి రంధ్రంలో ఇంకా బిగిస్తుంది, అల్యూమినియం చెవిని వంచుతుంది. పోత పోసిన అల్యూమినియం కొంచెమే వంగుతుంది, ఆపైన పగులుతుంది. దీనికి బదులు ఒక లావు మరకడ్డీ, రెండు నట్లు, పిన్ను కంటే పెద్ద రంధ్రం ఉన్న గొట్టం ముక్క, మందపాటి వాషర్లు ఉంటే చిన్న పుల్లర్ తయారవుతుంది. గొట్టం బ్రాకెట్‌కి ఆనుతుంది, నట్టు తిప్పేకొద్దీ పిన్ను గొట్టంలోకి వస్తుంది. బలమంతా పిన్ను చుట్టూ సమంగా పడుతుంది. పుల్లర్‌ని బిగించి, ఆ బిగువులోనే బ్రాకెట్‌ని కొద్దిగా వేడి చేసి, చిన్న సుత్తితో పక్కన తడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు టక్కున వదులుతుంది. కొట్టక తప్పనప్పుడు చెవికి అవతలి వైపు బరువైన ఇనుప దిమ్మని ఎవరైనా గట్టిగా ఆనించి పట్టుకోవాలి.

ఏదీ పనిచేయకపోతే ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవాలి. ఇది డబ్బు లెక్క. పిన్ను, బుష్షులు తక్కువలో పోతాయి. యూనిట్ ఎలాగూ మారుస్తున్నట్టయితే అది పోయినా ఫర్వాలేదు. బ్రాకెట్ పోతే మాత్రం ఇంజన్ మొత్తం పడవ నుంచి దించాలి. కాబట్టి కోయాల్సి వస్తే యూనిట్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్న సన్నటి సందులో రంపం బ్లేడు పెట్టి పిన్నుని రెండు వైపులా కోసి యూనిట్‌ని బయటికి తీసి, చెవుల్లో మిగిలిన ముక్కలని తీరిగ్గా తీసుకోవడం సరైన దారి. స్టెయిన్‌లెస్‌ని డ్రిల్లు చేయాల్సి వస్తే కోబాల్ట్ బిట్టు, తక్కువ స్పీడు, గట్టి ఒత్తిడి, ధారాళంగా కటింగ్ ఆయిల్. స్పీడు పెంచి తేలిగ్గా నొక్కితే లోహం ఉపరితలం ఇంకా గట్టిపడిపోయి బిట్టు జారడం మొదలవుతుంది.

కొన్ని మోడళ్లలో పిన్నులు తీసినా యూనిట్ రాదు, రెండు బ్రాకెట్ల మధ్య దూరం చాలదు. అప్పుడు ఒక పక్క క్లాంప్ బ్రాకెట్‌ని వదులు చేసి పక్కకి జరపాలి. టిల్ట్ ట్యూబ్ చివర పెద్ద నట్టు, స్టీరింగ్ కేబుల్ ఆ ట్యూబ్ గుండా పోతుంటే ముందు అదీ, ఆ పక్కన ట్రాన్సమ్ బోల్టులూ తీయాలి. ఇక్కడ ఊతం లెక్క మారిపోతుంది. ఇప్పటిదాకా ఇంజన్ కాలు పడకుండా ఆపితే చాలు, ఇప్పుడు ఇంజన్ మొత్తాన్ని పుల్లీ మోయాలి, లేకపోతే అంత బరువూ ఒకే బ్రాకెట్ మీద మెలిపడుతుంది. పుల్లీ లేనివాళ్లు ఈ మోడళ్ల జోలికి పోకుండా వర్క్‌షాపుకి ఇవ్వడం మంచిది, మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఇది.

యూనిట్ బయటికి వస్తున్నప్పుడు దానిని కింద నుంచి ఒకరు పట్టుకోవాలి, చేతికి చిన్నదిగా కనిపించినా బరువుంటుంది, అంతటా ఆయిల్ జిడ్డు. నిలువుగా ఉంచి మోయండి, కింద ట్రే పెట్టండి. ఆ ఆయిల్ నేల మీదా నీళ్లలోనూ పడకూడదు.

ఖాళీ అయిన బ్రాకెట్ల మధ్య చోటు ఎప్పుడోగాని దొరకదు, ఆ అవకాశం వదలకండి. రంధ్రాల్లోని తెల్లపొడి గీకి శుభ్రం చేయాలి, చెవుల్ని టార్చ్ లైటు వేసి పగుళ్ల కోసం చూడాలి, బుష్షులన్నీ కొత్తవి వేయాలి. బ్రాకెట్ల అడుగున బిగించిన జింక్ లేదా అల్యూమినియం ఆనోడ్ (మిగతా లోహం బదులు తానే కరిగిపోయే ముక్క) సగానికి పైగా కరిగిపోయి ఉంటే మార్చాలి, దాని మీద పెయింట్ వేయకూడదు. ఇంజన్ భాగాల మధ్య సన్నటి ఎర్త్ తీగలు కనిపిస్తాయి, చాలామంది వాటిని ఎందుకూ పనికిరానివి అనుకుని తెగితే వదిలేస్తారు. ప్లాస్టిక్ బుష్షులు భాగాలని కరెంటుపరంగా విడదీస్తాయి కాబట్టి ఆ తీగ లేకపోతే ఆనోడ్ కాపాడాల్సిన భాగం దానితో తెగిపోతుంది. బిగుసుకుపోయిన పిన్నులు ఉన్న ఇంజన్లలో తెగిన ఎర్త్ తీగ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తిరిగి పెట్టే ముందు యూనిట్‌ని బల్ల మీదే ఆయిల్ నింపి, బ్యాటరీకి కలిపి నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే లోపలి గాలి చాలావరకు పోతుంది. మాన్యువల్ వాల్వు బిగించి ఉండాలి. ఏ ఆయిల్ అన్నది తయారీదారు చెప్పిందే, చాలా యమహా మోడళ్లకి డెక్స్రాన్ రకం ఏటీఎఫ్. మట్టం చూసేది రాడ్ పూర్తిగా బయటికి సాగి ఉన్నప్పుడే, ఆయిల్ మూత రంధ్రం అంచు దాకా ఉండాలి. రాడ్ లోపల ఉన్నప్పుడు మూత తెరిస్తే రాడ్ ఆక్రమించిన చోటుకి సరిపడా ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చి ఉంటుంది, పైగా ఒత్తిడి ఉండి ముఖం మీదకి చిమ్మొచ్చు. మోటారుని ఆపకుండా తిప్పకండి, అది కొద్దికొద్దిసేపు తిరగడానికే తయారైంది, మధ్యలో చల్లారనివ్వాలి.

కింది పిన్ను ముందు, పై పిన్ను తర్వాత. రాడ్ రంధ్రాన్ని బ్రాకెట్ రంధ్రానికి ఎదురు తేవడానికి మీటని క్షణం క్షణం నొక్కి వదులుతూ సర్దాలి, వేలు పెట్టి రంధ్రం కలిసిందా అని చూడొద్దు, చూడటానికి స్క్రూడ్రైవర్ కొస వాడండి. పిన్నులకి నిండా మెరైన్ గ్రీజు, రోల్ పిన్నులు, సర్‌క్లిప్పులు కొత్తవి. ట్రాన్సమ్ బోల్టులు తీసి ఉంటే వాటి రంధ్రాల్లో పాత సీలెంట్ గీకి కొత్తది వేయకుండా బిగించొద్దు, లోపల చెక్క ఉన్న ఫైబర్‌గ్లాస్ ట్రాన్సమ్‌లోకి ఆ రంధ్రాల నుంచే నీళ్లు దిగి చెక్క కుళ్లుతుంది, అది బయటికి కనిపించేసరికి ఏళ్లు గడిచిపోతాయి. టిల్ట్ ట్యూబ్ నట్టుని మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే, అంటే అక్కడ చెప్పిన బిగింపు బలానికే, బిగించాలి, ఎక్కువైతే ఇంజన్ స్వేచ్ఛగా తిరగదు, ఆ భారం కొత్త యూనిట్ మీద పడుతుంది.

ఊతాలు ఉండగానే ఇంజన్‌ని కొంచెం పైకీ కిందికీ ఆడించి, వైర్లు ఎక్కడా నలగట్లేదని చూశాకే పుల్లీ వదులు చేయాలి. తర్వాత పూర్తిగా పైకెత్తి, రాడ్ మీద సీల్ అంచు దగ్గర మార్కర్‌తో గీత గీసి, సపోర్ట్ లివర్ వేయకుండా, కిందికి ఎవరూ పోకుండా రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి గీత సీల్ లోపలికి పోయి ఉంటే ముందు మాన్యువల్ వాల్వు సరిగ్గా బిగిసిందా అని, ఆ తర్వాతే ఇంకేదైనా. మొదటిసారి నీళ్లలో తిరిగొచ్చాక ట్రాన్సమ్ బోల్టులకి మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూసి, ఆయిల్ మట్టం ఇంకోసారి సరిచేయండి, మిగిలిన గాలి అప్పటికి బయటికొచ్చి మట్టం కొద్దిగా తగ్గి ఉంటుంది.